నల్లగొఱ్ఱె యున్ని: మేత, గ్రంథి, గొంగడి

కురుమలలో పెండ్లినాడు ఉన్నిదారపు కంకణము గట్టుకొనువారు కొందఱు, నూలుదారపు కంకణము గట్టుకొనువారు కొందఱు. ఉన్నికంకణమువారు, పత్తికంకణమువారు అను శాఖాభేదము ఇందుండియే పుట్టినది. గొఱ్ఱెబొచ్చుతో బ్రతుకు ఇంతగా ముడివడిన జనులు, అది పెరుగు తీరును శాస్త్రము చెప్పకమునుపే కొంత యెఱిగి యుండిరి. వానలు కురిసి పచ్చిక లేచిన పిమ్మట కత్తిరించిన యున్ని నిడుపుగా బిగువుగా నుండుననియు, ఎండకారున మేత కఱవైన మంద యున్ని సన్నబడి వడుకునప్పుడే తెగుననియు గొంగడి నేయువానికి వేఱొకరు చెప్పవలసిన పనిలేదు.

దీని కారణములు వెదకిన చరిత్రకు ఒక కొస మన సికింద్రాబాదు ప్రక్కనే కలదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు మూలపురుషుడైన రాబర్టు మెకారిసన్, 1918లో కూనూరున పరిశోధన ఆరంభించుటకు మునుపు, గిల్గిట్టు ప్రాంతమున గళగండరోగమును, అనగా థైరాయిడ్ గ్రంథి వికారమును, శోధించినవాడు. ఆ ప్రయోగశాల 1958లో ఇచటికి తరలివచ్చినది. అందలి విచారణ మనుష్యుని యాహారమును గూర్చినదే. అయినను ఆహారమును గ్రంథిని ఒక్కచోట జేర్చి చూచు అట్టి దృష్టియే ఉన్ని మర్మమును విప్పినది.

విప్పినవారు ముఖ్యముగా ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు. 1930లలో అడిలైడున హెడ్లీ మార్‌స్టన్ మొదలగువారు రాగి చాలని నేలల మేతను పరిశీలించిరి. రాగి కొఱవడిన గొఱ్ఱెకు ఉన్నిలోని వంకులు పోయి పోగు ఉక్కుతీగవలె నిటారై మెఱయును. నల్లగొఱ్ఱె కైనచో నలుపే పోవును. వర్ణకమును కూర్చు టైరోసినేజ్ అను ఎంజైమునకు రాగి ప్రాణము. రాగి మరల లభించిన నలుపు మరల వచ్చును గనుక, ఒకే పోగుపై నలుపు, బూడిదవన్నె, నలుపు వరుసగా కానవచ్చును. మా యింటి పాత గొంగడి అంచునుండి పోగొకటి లాగి వెలుతురున కెత్తి చూచినప్పుడు, ఒక మూగజీవి తిన్న గడ్డి చరిత్ర నా వ్రేళ్ల నడుమ నున్నదని ఒడలు పులకరించినది.

ఉన్నిలో నూటికి 3 పాళ్లకు పైగా గంధకము. 1963లో రీస్, షింకెల్ అనువారు గంధకముగల ఎమైనో ఆమ్లములను, మొదటి పొట్టలోని సూక్ష్మజీవుల పాలు గాకుండ, తిన్నగా నాల్గవ పొట్టలోనికి పోయగా ఉన్ని పెరుగుదల మిక్కిలి హెచ్చినది. గ్రంథుల మాట వేఱు: థైరాయిడ్ తీసివేసిన ఉన్ని బహుళముగా తగ్గును, పిట్యూటరీ తీసివేసిన నిలిచిపోవును, అడ్రినల్ స్రావమగు కార్టిసాల్ మితిమీఱిన అణగిపోవును. అయినను థైరాక్సిన్ ఎంత యెక్కించినను మేత లేనిదే మేలు లేదు, గొఱ్ఱె చిక్కిపోవును.

అన్నింటికంటె నన్ను కదల్చునది వేఱొకటి. మెత్తని యున్ని నిచ్చు ద్వితీయ రోమకూపములు పిల్ల తల్లికడుపున నుండగానే ఏర్పడును. చూలి గొఱ్ఱె పస్తున్న, ఆ లోటు పిల్లకు జీవితాంతము తీఱదు.

ఈ నల్లయున్ని నిచ్చు మన దక్కనీ గొఱ్ఱెల మందల నేటి లోటు మేతది కాదు. మాంసమునకు మేలైన నెల్లూరు పొట్టేలిని వానిలో విడిచినప్పటినుండి, దాని మేనిపై పొట్టివెండ్రుకలే గనుక, పుట్టెడి పిల్లలకు ఉన్ని పలుచనగుచు వచ్చినది. అట్టి చర్మమునకు రాగియు గంధకమును ఎంత పెట్టినను గొంగడికి చాలిన యున్ని రాదు. నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించి యెండబెట్ట నేర్చిన చేతులు ఇంకను ఉన్నవి. మొన్నటి వానలో బొల్లారము దారిని మందను తోలుకొని పోవుచున్న కాపరి మాత్రము ప్లాస్టిక్ పట్టా కప్పుకొని యుండెను.