తాతగారి బ్రౌనింగు ఏ తూటాకు పుట్టింది?

1972 వన్యప్రాణి చట్టంతో వేటపై ఆంక్షలు వచ్చాయి. ఆనాటి లైసెన్సు తుపాకులు మాత్రం మన మాధవరంలో ఏ ఇంటి బీరువాలోనైనా ఉండొచ్చు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించడానికే బయటికొస్తాయి. వాటిలో వెనక భాగం మూపురంలా లేచిన ఐదు తూటాల బ్రౌనింగు ఉంటే, పేల్చే ముందు మనం దాని పుట్టుక తెలుసుకోవాలి.

జాన్ బ్రౌనింగ్ 1900లో దీనికి పేటెంటు పొందాడు. రాయల్టీ దగ్గర వించెస్టర్‌తో చెడింది. 1902 జనవరిలో రెమింగ్టన్ అధ్యక్షుడు హార్ట్‌లీని కలవబోతే ఆయన హఠాత్తుగా పోయాడు. చివరికి బెల్జియంలోని ఎఫ్.ఎన్. కార్ఖానా దీన్ని చేసింది.

కాల్చగానే గొట్టం మొత్తం వెనక్కి జరుగుతుంది. దానికి కళ్లెం ఒక కంచు ముక్క, ఒక ఉక్కు ఉంగరం. బరువు తూటాలకు ఉంగరం స్ప్రింగుకీ కంచుకీ మధ్య ఉండాలి, వాలు అంచు కంచు వైపు. తేలిక తూటాలకు స్ప్రింగు వెనక్కి, తుపాకి ఒంటి వైపు మార్చాలి. తేలిక అమరికలో బరువు తూటా పేలిస్తే గొట్టం గుద్దుకుని ముందు కర్ర పగులుతుంది.

అసలు చిక్కు ఛాంబరు పొడవు. యూరప్ కోసం చేసిన పాతవాటిలో కొన్నిటిది 65 మిల్లీమీటర్లే. 70 తూటా మూతి మడిచి ఉంటుంది గనుక అందులో హాయిగా దూరుతుంది! పేలాక మూతి విచ్చుకోవడానికి చోటు చాలదు, ఒత్తిడి పెరుగుతుంది. కనుక దూరింది కదా అని నమ్మొద్దు. తుపాకుల మెకానిక్‌తో గేజి పెట్టించి కొలిపించాలి. 65 అని తేలితే 65 తూటాలే, అవీ తేలికవి. మాగ్నమ్, ఉక్కు గుళ్లు అసలే వద్దు. డబ్బాలో మిగిలిన కాగితపు తూటాలను లైసెన్సున్న దుకాణదారుకు చూపించండి, పేల్చకండి.