బంకు లేని దారిలో బండి: ఒక పెట్రోలు డబ్బా చరిత్ర



మా మేనల్లుడు, వాడి స్నేహితులు నలుగురు వచ్చే జూన్‌లో బండ్ల మీద లదాఖ్ పోతున్నారు. మొన్న మన సంఘం సమావేశం ముగిశాక వాడు నన్ను పక్కకు పిలిచి, "మామా, ట్యాంకు కోయించి పెద్దది చేయించుకుంటే ఎట్లుంటుంది? లేకుంటే నాలుగు కూల్‌డ్రింక్ సీసాల్లో పెట్రోలు పోసుకొని బ్యాగులో పెట్టుకుంటే సరిపోతుందా?" అని అడిగినాడు.

వద్దు అని ఒక్క మాటలో చెబితే వినే వయసు కాదు వాడిది. ఆ వయసులో నేనూ వినలేదు. అందుకే కూర్చోబెట్టి చరిత్ర చెప్పాను. మన పిల్లలు చాలామంది ఇప్పుడు దూరప్రయాణాలు చేస్తున్నారు కాబట్టి అదే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

బంకు కంటే బండి ముందు పుట్టింది. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె తన భర్త తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా పోయింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోక్ అనే ఊళ్లో మందుల షాపులో కొనుక్కుంది. అంటే దూరం పోవాలనుకున్న మనిషికి మొదటి రోజు నుంచే ఇదే చింత: తర్వాతి చుక్క ఎక్కడ దొరుకుతుంది?

1934 డిసెంబరులో థెరెసా వాలాక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరాన్ అనే ఇద్దరు యువతులు లండన్‌లో బయలుదేరి, సహారా ఎడారి దాటి, 1935 జూలై చివరికి కేప్‌టౌన్ చేరారు. వాళ్ల బండి 600 సీసీ పాంథర్ మోటారు సైకిలు. దానికి ఒక పక్క సైడ్‌కారు, వెనక ఒక ట్రైలరు. మోయాల్సింది ఎక్కువైనప్పుడు ట్యాంకు పెంచడం ఒక్కటే మార్గం కాదని, బరువుకు వేరే చోటు చూపించవచ్చని ఆ బండి చూస్తే తెలుస్తుంది.

ఇక డబ్బా సంగతి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు కిరసనాయిలు డబ్బా గుర్తుండే ఉంటుంది. నాలుగు గాలన్ల రేకు డబ్బా, అంటే సుమారు 18 లీటర్లు. ఖాళీ అయ్యాక పై మూత కోసి, కట్టె అడ్డంగా కొట్టి నీళ్లు మోసేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం పెట్రోలు మోసింది ఇలాంటి నాలుగు గాలన్ల పల్చటి రేకు డబ్బాల్లోనే. లారీ కుదుపులకు అతుకులు విడిపోయి, దారిపొడుగునా పెట్రోలు కారిపోయేది.

జర్మన్ల దగ్గర వేరే డబ్బా ఉండేది. 1937 నాటికే తయారైన 20 లీటర్ల ఉక్కు డబ్బా. రెండు సగాలను అచ్చులో ఒత్తి వెల్డింగు చేసేవాళ్లు. పైన మూడు పిడులు, కాబట్టి ఒక్క మనిషి రెండు చేతులతో నాలుగు ఖాళీ డబ్బాలు మోయగలడు. నిండా పోసినా పైన కొంచెం గాలికి చోటు మిగులుతుంది. మీట నొక్కితే మూత బిగుస్తుంది. బ్రిటిష్ సైనికులు జర్మన్లను 'జెర్రీ' అని పిలిచేవాళ్లు, అందుకే దానికి జెర్రీక్యాన్ అనే పేరు స్థిరపడింది. దీని కథలో మన దేశానికీ చోటుంది. 1939లో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక జర్మన్ స్నేహితుడితో కలిసి జర్మనీ నుంచి రోడ్డు దారిన ఇండియాకు వచ్చాడు. నీళ్ల కోసం వాళ్లు వెంట తెచ్చుకున్నవి ఈ డబ్బాలు మూడు. తర్వాత బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు రెండూ దీన్నే చూసి తయారు చేసుకున్నాయి.

ట్యాంకే పెద్దది చేయడం మాత్రం ఎడారి పందేలతో ఊపందుకుంది. 1978 డిసెంబరు 26న మొదటి పారిస్-డకార్ పందెం బయలుదేరింది. గెలిచింది సిరిల్ నెవ్యూ, యమహా ఎక్స్‌టీ 500 మీద. 1983లో యమహా తెచ్చిన 600 సీసీ టెనెరే బండికి ట్యాంకు దాదాపు 30 లీటర్లు. బీఎండబ్ల్యూ 1980లో తెచ్చిన ఆర్ 80 జీఎస్‌కు 19.5 లీటర్లు. 1984లో వచ్చిన పారిస్-డకార్ రకానికి 32 లీటర్లు.

ఇక్కడ మన ఊరి మాట చెప్పాలి. ఆ జీఎస్ వంశంలో చిన్నది జీ 310 జీఎస్. అది తయారైంది మన హోసూరులో, టీవీఎస్ ఫ్యాక్టరీలో. మా మేనల్లుడి బండి అదే. మరి దాని ట్యాంకు? 11 లీటర్లు. ముత్తాతకు 32, మునిమనుమడికి 11. ఇది దిగజారడం కాదు. సహారాలో బంకులు లేవు, హోసూరు-బెంగళూరు దారిలో అడుగడుగునా ఉన్నాయి. ట్యాంకు ఎంత ఉండాలో నిర్ణయించేది బండి కాదు, దారి.

ఆ దారి మారినప్పుడే చిక్కు వస్తుంది. మనాలి నుంచి లేహ్ పోయే దారిలో కేలాంగ్‌కు ముందు తాండి అనే చోట బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని అక్కడ బోర్డు ఏళ్ల తరబడి ఉండేది. పాత బుల్లెట్ ట్యాంకు 14.5 లీటర్లు. కనుమల్లో లీటరుకు 25 ఇస్తే 362 కిలోమీటర్లు. అంటే బోర్డు లెక్కకు మూడు కిలోమీటర్లు తక్కువ! మా వాడి 11 లీటర్లకు లీటరుకు 30 వేసుకున్నా 330 మాత్రమే. అదనంగా 5 లీటర్లు ఉంటే 480. అంటే వాడికి కావాల్సింది 32 లీటర్ల ట్యాంకు కాదు, 5 లీటర్ల డబ్బా ఒకటి. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు 15 లీటర్ల ట్యాంకు పెట్టి, దానికి రెండు పక్కలా డబ్బాలు కట్టుకునే కమ్ములు ఇచ్చారంటే ఈ లెక్క తెలిసే.

ట్యాంకు కోయించడం ఎందుకు వద్దన్నానో కూడా చెబుతాను. ఎంత కడిగినా ట్యాంకులో పెట్రోలు ఆవిరి మిగులుతుంది, వెల్డింగు నిప్పురవ్వకు అది పేలగలదు. పైగా ఇప్పటి ఇంజెక్షన్ బండ్లకు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. లోపల రాలిన తుప్పు, వెల్డింగు పొడి నేరుగా దానికే పోతాయి. ఇక బరువు. పెట్రోలు లీటరుకు ముప్పావు కిలో. 20 లీటర్లు పైన మోస్తే 15 కిలోలు పైనే ఊగుతాయి. రెండుసార్లు డకార్ గెలిచిన గాస్టన్ రాహియే పొట్టిమనిషి, అంత ఎత్తు బండి మీద కూర్చుంటే రెండు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనేవి కావు. ఆయన ఛాంపియను, నెట్టుకొచ్చాడు. మనం కాదు.

ప్లాస్టిక్ సీసా సంగతి నా అనుభవమే. ఇరవై మూడేళ్ల వయసులో బుల్లెట్ పక్కసంచిలో రెండు సీసాల పెట్రోలు పెట్టుకొని పోయాను. ఎండకు ఉబ్బి ఒకదాని మూత జారింది. ప్యాంటు తడిసి చల్లగా తగిలితే చూశాను. సైలెన్సరుకు జానెడు దూరంలో ధార. ఆ రోజు నేను బతికింది తెలివితో కాదు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నాను.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆ ఇద్దరు యువతులు బయలుదేరిన 1934లోనే మన దేశంలో పెట్రోలియం చట్టం వచ్చింది. అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల దాకా లైసెన్సు అక్కర్లేదు. కానీ గట్టి మూత ఉన్న పాత్రలో ఉండాలి. లోహపు పాత్రయితే 25 లీటర్లకు, గాజుదో పింగాణీదో అయితే లీటరుకు మించకూడదు. ఆ జాబితాలో కూల్‌డ్రింక్ సీసా లేదు. రైల్లో బండి పంపేవాళ్లు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలన్నదీ మరవకండి.

చివరికి మా వాడికి చెప్పింది ఇంతే. 5 లీటర్ల లోహపు డబ్బా కొను. నేల మీద పెట్టి పోయించు, బండి మీద ఉంచి కాదు. అంచుదాకా నింపకు, వేడికి పెట్రోలు పెరుగుతుంది. సైలెన్సరుకు అవతలి పక్క, కిందికి, బండి నడుముకు దగ్గరగా బిగించు. తాంగ్‌లాంగ్ లా 5,300 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగం. మూత మెల్లగా తిప్పు. ట్యాంకులో చోటు అయిన వెంటనే డబ్బాలోది అందులో పోసెయ్యి, ఖాళీ డబ్బాతో తిరుగు.

వాడు అంతా విని, "సరే మామా, డబ్బా నువ్వే కొనియ్యి" అన్నాడు. కొనిచ్చాను.

మన సంఘంలో పాత రోజుల్లో బుల్లెట్ మీదో, జావా మీదో దూరాలు పోయిన పెద్దలు ఉన్నారు. మీరు పెట్రోలు ఎట్లా మోసుకుపోయారో కింద రాయండి. ఫొటోలుంటే పెట్టండి. పిల్లలు బయలుదేరేలోపు చదువుకుంటారు.