స్పృహ తప్పిన వేళ: జంటనగరములలో నాడీవిజ్ఞాన చరిత్ర

ఇంటిలో ఎవరైనను స్పృహ తప్పి పడిపోయినచో పెద్దలు ఏమి చేయుదురు? ఒకరు చేయి పట్టుకొని నాడి చూతురు. మరియొకరు ముక్కుకడ వేలుంచి ఊపిరి ఆడుచున్నదా యని చూతురు. ఈ రెండింటిలో ముందు గమనింపవలసినది ఏది? ఈ ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దమున వైద్యలోకమును రెండు పక్షములుగా చీల్చినది. ఆ తగవు తీర్చుటకు హుస్సేన్ సాగరమునకు ఈవల హైదరాబాదులో ఒక పరిశోధన జరిగినది. ఎనిమిదేండ్ల పిమ్మట ఆవల సికింద్రాబాదు దండుప్రాంతమున మరియొకటి జరిగినది. మొదటిది మందుచే కలుగు మత్తును గూర్చినది. రెండవది జ్వరమును గూర్చినది. రెండింటికిని మెదడుతో సంబంధము కలదు.

మన భాషలో నాడి యను మాటకు రెండర్థములున్నవి. మణికట్టున కొట్టుకొను రక్తనాళపు చలనము ఒకటి. వార్తలను మోయు నరము మరియొకటి. ఇచ్చట రెండవదానిని గూర్చి కొంత చెప్పుకొనవలెను. మెదడు, వెన్నుపాము, వాటినుండి బయలుదేరు నరములు కలిసి నాడీమండలమగును. మెదడునుండి పన్నెండు జతలు, వెన్నుపామునుండి ముప్పదియొక్క జతలు నరములు వెడలును. మెదడు క్రిందిభాగమున, వెన్నుపాముతో కలియు చోట, మజ్జాముఖమను చిన్న భాగమున్నది. ఊపిరిని నడపు కేంద్రము అచ్చటనే కలదు. అచ్చటినుండియే వేగస్ అను నరము మెడగుండా దిగి గుండెకు చేరి, దాని వేగమును తగ్గించును. గుండె తన లయను తానే పుట్టించుకొనగలదు. ఊపిరి మాత్రము మెదడు ఆజ్ఞ లేనిదే సాగదు. తగవంతయు ఈ భేదముననే ఉన్నది.

1847లో ఎడింబరోలో సింప్సన్ వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. మరుసటి సంవత్సరము జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు చికిత్సకై ఆ మందు పీల్చి, కొద్ది నిమిషములలో మరణించెను. ఇట్టి మరణములు పెరిగినకొలది వాదము ముదిరినది. మందు గుండెను నిలుపుచున్నది కావున నాడి చూడుడని ఒక పక్షము. మందు మజ్జాముఖమును అణచి ముందు ఊపిరిని ఆపుచున్నది కావున శ్వాసను మాత్రమే చూడుడని ఎడింబరో శస్త్రవైద్యుడు సైమ్ అనుయాయుల పక్షము.

ఆ సైమ్ సంప్రదాయమువాడే ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదులో రెసిడెన్సీ శస్త్రవైద్యుడై, వైద్య పాఠశాలకు అధిపతియై, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేలకొలది రోగులకు క్లోరోఫారమిచ్చి శస్త్రచికిత్సలు చేయించినవాడు. 1888లో ఆయన చొరవతో మొదటి క్లోరోఫారము కమిషను ఏర్పడి, కుక్కలపై ప్రయోగములు చేసి, ఊపిరియే ముందు ఆగునని తీర్పు చెప్పినది. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని అంగీకరింపలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనుల ధనమిచ్చి, ఆ పత్రిక పక్షముననే ఒక నిపుణుని పంపుమని కోరెను. 1889 అక్టోబరులో లాడర్ బ్రంటన్ ఇచ్చటికి వచ్చెను. గుండెయే ముందు ఆగవచ్చునని తలచినవాడాయన. నాలుగువందలకు పైబడిన జంతువులపై ప్రయోగములు జరిగిన పిమ్మట తన అభిప్రాయమును మార్చుకొని, లారీ చెప్పినదే నిజమని లోకమునకు తెలిపెను.

సరిగా అదే మాసమున, అదే సంవత్సరమున, బెర్లిను నగరములో ఇంకొక ఘట్టము నడచినది. స్పెయిను దేశస్థుడగు కహాల్ తన సూక్ష్మదర్శినిని అమర్చి, జర్మను శరీరశాస్త్రజ్ఞులకు నాడీకణములను చూపెను. 1873లో ఇటలీ వైద్యుడు గోల్జీ వెండి లవణములతో నాడీకణమునకు నల్లరంగు వేయు పద్ధతిని కనుగొనియుండెను. నాడీమండలమంతయు తెగని వల యని గోల్జీ తలచెను. కాదు, ప్రతి కణము విడివిడిగా నున్న చెట్టువంటిది అని కహాల్ చూపెను. ఆ కణమునకు ఒక దేహము, వార్తలనందుకొను కొమ్మలు, వార్తను పంపు పొడవైన తంతువు ఉండును. వెన్నుపామునుండి కాలిబొటనవ్రేలివరకు పోవు తంతువు ఒక మీటరు పొడవుండును. నేటి లెక్కలో మనిషి మెదడున ఇట్టి కణములు సుమారు 8,600 కోట్లు. ఒక కణమునకును మరియొకదానికిని నడుమ అతి సూక్ష్మమైన ఎడమున్నది. దానిని 1897లో షెరింగ్టన్ ‘సినాప్స్’ అని పిలిచెను. మత్తుమందులు ముఖ్యముగా ఈ సంధుల వద్ద వార్తల రాకపోకలను మందగింపజేయునని నేడు తెలిసినది. హైదరాబాదులో కొలతలు తీయుచున్నవారికి ఆనాడు ఈ సంగతి తెలియు మార్గమే లేదు.

మరి ఆ తీర్పు నిలిచినదా? నిలువలేదు. 1893లో గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు మందు గుండె కండరమును కూడ నేరుగా బలహీనపరచునని చూపిరి. 1911లో లెవీ మరింత స్పష్టపరచెను. క్లోరోఫారము తక్కువ మోతాదులో ఉన్నప్పుడు, భయముచేతనో బాధచేతనో అడ్రినలిన్ రక్తములో చేరినచో, గుండె లయతప్పి వణకి ఒక్కుమ్మడి ఆగిపోవును. కమిషనువారు ఎక్కువగా అధిక మోతాదును పరీక్షించిరి. అందు ఊపిరి ముందు ఆగుట నిజమే. వారు చూచినది అబద్ధము కాదు. చూడనిదానిని లేదనుట పొరపాటు. అయినను శ్వాసను అనుక్షణము కనిపెట్టుడన్న వారి బోధ మేలే చేసినది. ఆ బోధనలో పెరిగిన రూపాబాయి ఫర్దూంజీ బహుకాలము ఇచ్చటి ఆసుపత్రులలో మత్తునిచ్చెను. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమెయే యని పలువురు చెప్పుదురు.

ఇక సాగరమునకు ఆవలి గట్టుకు పోవుదము. నాడీకణమునకు రంగు వేసిన గోల్జీయే 1885, 1886 ప్రాంతమున మలేరియా క్రిమి రక్తములో పెరిగి పగులు సమయమునకే చలిజ్వరము వచ్చునని కనుగొనెను. ఆ క్రిమి మనిషిలోనికి ఎట్లు చేరును? సికింద్రాబాదు బేగంపేటలో సైనిక వైద్యుడగు రొనాల్డ్ రాస్, హుసేన్‌ఖాన్ అను రోగి రక్తము త్రాగిన దోమలను కోసి చూచుచుండెను. కుట్టిన ఒక్కొక్క దోమకు ఆ రోగికి ఒక అణా ఇచ్చెను. 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపు గోడలో నల్లని రంగుపొడి గల వింత కణములు కనబడినవి. మరునాడు మరియొక దోమలో అవి ఇంకను పెరిగియుండెను. ఆ రెండు దోమలను గూర్చియే ఆయన డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1906లో గోల్జీ, కహాల్ ఇరువురికి కలిపి లభించినది.

మలేరియాలలో ఫాల్సిపరమ్ అను జాతి అతి క్రూరమైనది. అది సోకిన ఎఱ్ఱకణములు మెదడులోని సన్నని రక్తనాళముల గోడలకు అంటుకొని దారిని అడ్డును. క్రిమి నాడీకణములోనికి చొరబడకయే దానికి అందవలసిన ప్రాణవాయువును, చక్కెరను తగ్గించును. అంతట మూర్ఛలు, పిదప స్పృహలేమి. బిడ్డకు జ్వరములో ఫిట్సు వచ్చినను, పిలిచిన పలుకకున్నను, దిష్టి తగిలెనని కాలహరణము చేయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెననుటకు కారణమిదియే.

రెండు పరిశోధనలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఒక పాఠము తోచును. ఒకచోట నాలుగువందలకు పైగా ప్రాణులు బలియైనను ప్రశ్న తీరలేదు. జవాబు ముందే మనసులో నిలిచియుండెను. వేరొకచోట రెండు దోమలు చాలినవి. ఎదురుచూచినది కాని వింతను చూచినప్పుడు దానిని త్రోసివేయని కన్ను అచ్చట నుండెను. బేగంపేటలో పాత విమానాశ్రయము దాపున రాస్ పనిచేసిన భవనము నేటికిని ఉన్నది. ఆ దారిన పోవునప్పుడు ఒక్క క్షణము ఆగి చూడదగినది.