కెప్టెన్ ఎవరు?

సెయింట్ లారెన్స్ నది మీద సరిహద్దు కంటికి కనిపించదు. జీపీఎస్ తెర మీద మాత్రం ఓ సన్నటి గీత ఉంటుంది. 2019 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లేటన్ నుంచి మా మోటారు పడవలో బయల్దేరి ఆ గీత దాటాం, నేనూ నా సహచరుడూ ('మావారు' అనడం మానేసి చాలా ఏళ్లయింది). కింగ్‌స్టన్ నుంచి రీడో కాలువ మీదుగా ఒట్టావా, అక్కణ్ణించి ఒట్టావా నదిలో మాంట్రియల్ దగ్గరికి, మళ్లీ సెయింట్ లారెన్స్‌లో ఎగువకి. మూడు వారాల ప్రయాణం.

కెనడా రేవులో ఒక నిబంధన ఉంది. పడవ బాధ్యులొక్కరే దిగి కస్టమ్స్‌కి ఫోన్ చెయ్యాలి. అనుమతి వచ్చేదాకా మిగిలినవాళ్లు పడవలోనే ఉండాలి. ఆ ఉదయమంతా స్టీరింగ్ పట్టింది నేను. కింగ్‌స్టన్‌లో దిగింది తను. రెండు పాస్‌పోర్టులూ తన చేతిలోనే. మేం దాని గురించి మాట్లాడుకోనైనా లేదు, అలా జరిగిపోయింది.

పడవలో కూచుంటే 1998 గుర్తొచ్చింది. గుంటూరులో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని, హెచ్-4 వీసా మీద అమెరికాలో దిగాను. కాగితాల్లో నేను 'డిపెండెంట్'ని. జీతానికి పనిచెయ్యకూడదు. ఆ వీసా మీదున్న కొందరికి పని అనుమతి 2015లో గానీ రాలేదు.

ఇది కొత్త సంగతేం కాదు. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం పోయేది. 1922 కేబుల్ చట్టం దాన్ని చాలావరకు సవరించింది. కానీ పౌరసత్వానికి 'అనర్హుణ్ణి' చేసుకున్నవాళ్లకు 1931 దాకా ఊరట లేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో భారతీయులూ ఆ అనర్హుల్లో చేరారు.

వెయ్యి దీవుల మధ్య (లెక్కకి 1,864) టూరిస్టు పడవల వాళ్లంతా బోల్ట్ కోట కథే చెబుతారు. ఓ హోటళ్ల యజమాని భార్య లూయీజ్ కోసం కట్టిస్తున్నాడట, 1904లో ఆమె చనిపోతే పని ఆపేశాడట. నాకు కేట్ జాన్‌స్టన్ ఎక్కువ నచ్చింది. 1838 మేలో ఆమె తండ్రి బిల్ జాన్‌స్టన్ బ్రిటిష్ స్టీమరు సర్ రాబర్ట్ పీల్‌ని తగలబెట్టి ఈ దీవుల్లో దాక్కుంటే, తిండి పడవలో వేసుకుని తెడ్డేసుకుంటూ పోయేది ఆమే.

రీడో కాలువ 202 కిలోమీటర్లు, 1832లో పూర్తయింది. చాలా లాకుల తలుపులు ఇప్పటికీ చేత్తో తిప్పే చక్రాలతోనే తెరుస్తారు. తవ్వేటప్పుడు దాదాపు వెయ్యిమంది చనిపోయారంటారు, ఎక్కువమంది మలేరియాలాంటి జబ్బులతో. అక్కడి శిబిరాల్లో ఆడవాళ్లూ పిల్లలూ ఉండేవాళ్లు. పేర్లు దొరికేది మాత్రం ఇంజనీర్లవి.

మాంట్రియల్ దగ్గర సెయింట్ లూయీ సరస్సు దక్షిణపు ఒడ్డున కానవాగ, మొహాక్‌ల ఊరు. 1950ల్లో ఓడల కాలువ కోసం వాళ్ల నది ఒడ్డునే తవ్వేశారు. మేరీ టూ-ఆక్స్ ఎర్లీది ఆ ఊరే. 1938లో మొహాక్ కాని అమెరికన్‌ని పెళ్లాడింది. అంతే, కెనడా 'ఇండియన్ చట్టం' ప్రకారం (ఆ ఇండియన్లు మనం కాదు) ఆమె మొహాక్ కాకుండా పోయింది. అదే మొహాక్ మగవాడు బయటి స్త్రీని చేసుకుంటే ఆవిడకి ఆ హోదా వచ్చేది! భర్త పోయాక, నాయనమ్మ తరం ఇల్లు తన పేర ఉంచుకోలేక, ఊళ్లోనే మొహాక్‌ని పెళ్లాడి హోదా పొందిన కూతురి పేర పెట్టింది. 1975లో మెక్సికో అంతర్జాతీయ మహిళా సదస్సులో ఉండగా, ఊరు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చిందని తెలిసింది. ఇచ్చింది సొంత ఊరి కౌన్సిలే. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. వలసపాలకుల చట్టాన్ని మన మగవాళ్లు ఎంత సులువుగా సొంతం చేసుకుంటారో! ఆవిడ వెనక్కి తగ్గలేదు. 1985లో చట్టం మారాక హోదా తిరిగి పొందిన మొదటి స్త్రీ ఆవిడే. వారసుల విషయంలో మిగిలిన వివక్షకి మరో సవరణ అమల్లోకి వచ్చింది మా ప్రయాణం అయిన నెలకి, 2019 ఆగస్టులో.

ఆ రాత్రి అడిగాను, "కింగ్‌స్టన్‌లో నువ్వెందుకు దిగావు?"

చాలాసేపు నీళ్లకేసి చూసి, "అలవాటు" అన్నాడు. వాదించలేదు. నేనూ పొడిగించలేదు.

తిరుగుదారిలో ఆగ్డెన్స్‌బర్గ్ రేవులో పాస్‌పోర్టులు తీసుకుని నేను దిగాను. తను పడవలో కూచున్నాడు. ఫోన్లో ఆఫీసరు పడవ బాధ్యులెవరని అడిగితే నా పేరు చెప్పాను. స్పెల్లింగు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.