ఒక చేత్తో కిలో బియ్యం, ఇంకో చేత్తో సారా ప్యాకెట్
(మన పన్ను – మన లెక్క: 6వ భాగం)



కొత్త సర్కారు వచ్చిన ప్రతిసారీ రెండు కాగితాలు బయటికొస్తయి. మొదటిది శ్వేతపత్రం. పాతోళ్లు ఖజానా ఊడ్చిపోయిండ్రని చెప్పేది అది. రెండోది బడ్జెట్. ఎవరికి ఎంత పెడతరో, ఎవరి దగ్గర ఎంత గుంజుతరో చెప్పేది ఇది. 1996లో చంద్రబాబు నాయుడు సర్కారు శ్వేతపత్రం పెట్టింది. 2023 డిసెంబర్ 20న రేవంత్ రెడ్డి సర్కారు అసెంబ్లీలో ఇంకోటి పెట్టి, రాష్ట్రం అప్పు 6,71,757 కోట్లని చెప్పింది. టీవీలల్ల రోజుల కొద్దీ చర్చ నడిచింది. ఆ చర్చలో ఒక మాట మాత్రం తప్పకుండా వినపడుతది: "మేం పన్నులు కడుతుంటే వాళ్లు ఉచితాలు తింటున్నరు."

ఈ మాటకు జవాబు కావాల్నంటే నలభై ఏళ్లు వెనక్కి పోవాలె. ఈ భాగమంతా ఆ కథే.

ముందు ఒక పునాది వేసుకుందాం. బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగా తలుచుకుంటం గానీ, ఆయన మొదలు ఆర్థికవేత్త. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఖజానాలు ఎట్లా పుట్టి పెరిగినయో చెప్పే ఆయన పుస్తకం 1925లో అచ్చయింది. 1927లో బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టంగనే బడ్జెట్ మీద మాట్లాడిండు. ఆయన పట్టుకున్న పాయింట్ సూటిది. ఆదాయపు పన్ను కట్టేటోనికి ఇంత సంపాదిస్తేనే పన్ను అనే గీత ఉంది. భూమి శిస్తుకు ఆ గీత లేదు. ఎకరం ఉన్నోడు, పంట ఎండినోడు కూడా కట్టాల్సిందే. అంటే ఏ బడ్జెట్‌నైనా రెండు ప్రశ్నలతోటి చదవాలె. భారం ఎవరి మీద పడుతుంది? ఫలం ఎవరి ఇంటికి పోతుంది? ఈ రెండు ప్రశ్నలు పట్టుకొని 1983కు పోదాం.

రెండు రూపాయల బియ్యం

1983 జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిండు. ఎన్నికల ముందే కిలో రెండు రూపాయల బియ్యం మాట ఊరూరా పాకింది. ఎంత పాకిందంటే, అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి పోలింగుకు ముందే 1 రూపాయి 90 పైసలకే ఇస్తమని దిగిండు. పది పైసల పోటీ! ఓటు కోసమే అయినా, మన పళ్లెంలో ఏముందో రెండు పార్టీలు లెక్కగట్టుడు మొదలుపెట్టిన ఏడు అది.

మనిషికి 5 కిలోలు, ఇంటికి ఎక్కువలో ఎక్కువ 25 కిలోలు. నెలకు 50 రూపాయలు. కేంద్రం దగ్గర కొన్న ధరకూ ఈ రెండు రూపాయలకూ మధ్య తేడా, మోత ఖర్చు కలిపి రాష్ట్ర ఖజానా మీద.

గూడూరు అప్పుడు వరంగల్ జిల్లాలో ఉంది. ఇటు మానుకోట, అటు పాకాల అడవి. కోయ గూడేలు, లంబాడ తండాలు, మాదిగ, మాల వాడలు. ఇట్లాంటి పల్లెల్లో రెండు రూపాయల బియ్యం ఏం చేసిందో అర్థం కావాల్నంటే, అంతకుముందు ఏముందో తెలవాలె. వానాకాలం పని లేని రోజుల్లో ఆసామి గడపకు పోయి గింజలు తెచ్చుకునుడు, పంట కాడ దానికి నాగు కలిపి తీర్చుడు. అప్పు తీరేదాక ఆయన పిలిచినప్పుడు, ఆయన చెప్పిన కూలికి పోవుడు. గొడ్డు చాకిరీకి తాళం ఆ గింజల బుట్టలోనే ఉండేది. రేషన్ దుకాణం ఆ తాళాన్ని ఊడబీకలేదు గానీ, వదులు చేసింది. ఇంట్లో వారం రోజుల గింజలుంటే, "ఈ కూలికి రాను" అనే మాట నోట్లోకి వస్తది.

అందుకే ఆ పథకం మీద వచ్చిన తిట్లు కూడా చరిత్రే. "కూలోళ్లు సోమరులైతున్నరు", "పనికి మనుషులు దొరుకుతలేరు", "ఖజానా ఖాళీ అయితది". మొదటి రెండు మాటలు ఎవరివో చెప్పనక్కర లేదు. కూలి దొరకకపోవుడు అంటే చవకగా దొరకకపోవుడని అర్థం. మూడో మాట చదువుకున్నోళ్లది. అదే ఏడు ఫిబ్రవరిలో సర్కారు ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కు తగ్గించింది. ఉద్యోగులు సమ్మెకు దిగిండ్రు, సుప్రీంకోర్టు దాకా పోయిండ్రు. వాళ్ల బాధ వాళ్లకు న్యాయమే. చివరికి వయసు మళ్లీ 58 అయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: సంఘం ఉన్నోళ్ల నొప్పి పత్రికకు చేరింది, ఖజానా వాళ్ల మాట విన్నది. కూలోళ్లకు అట్లాంటి సంఘం లేదు.

1984లో పటేల్, పట్వారీ పోయిండ్రు. ఊరి లెక్కల పుస్తకం తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండే పద్ధతికి అది దెబ్బ. మన వాడలు సంబురపడ్డయి. ఆ సంబురంలో తప్పేం లేదు. కానీ పుస్తకం చేతులు మారింది, భూమి మారలేదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 1988లో నీటి తీరువా చట్టం వచ్చి పాత భూమి శిస్తు పోయింది. సర్కారు నీళ్లు పారే భూమికే పన్ను మిగిలింది. చిన్న రైతుకు అది మేలే. బాబాసాహెబ్ 1927లో అడిగింది చిన్న రైతును వదలమనే. కానీ చిన్న రైతుతోటి పాటు వందల ఎకరాలోడు కూడా ఆ వాకిలి నుంచే బయటపడ్డడు. సేద్యం ఆదాయం మీద పన్ను ఇక్కడ లేనే లేదు. మరి ఖజానా నిండేది దేనితోటి?

సారాతోటి

కల్లు, సారా మీద పైసలు పిండుడు కొత్త కాదు. నిజాం సర్కారుకు ఆబ్కారీ పెద్ద రాబడి. అడవిలో ఇప్పపూవు ఏరి సొంతంగ కాసుకునే కోయోళ్లను దొంగలను చేసింది ఆ చట్టాలే. అయితే ఎన్టీఆర్ కాలంలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లలోకి ఎక్కింది. సర్కారే తయారు చేయించి, కాంట్రాక్టర్లకు పాటలో దుకాణాలిచ్చి, వాడ మొగదల దాకా చేర్చింది. రాష్ట్రం ఎక్సైజ్ రాబడి 1970-71లో 39 కోట్లు. 1991-92కు 812 కోట్లు.

ఆ అంకె పక్కన బియ్యం సబ్సిడీని పెట్టి చూడండి. ప్యాకెట్ తాగింది ఎవరు? దినమంతా నాగలి కింద, బండ కింద, బురదలో నడుము విరిగినోడు. కూలి పైసలు సాయంత్రం దుకాణంలో ఇచ్చి ఒట్టి చేతులతోటి ఇంటికొచ్చినోడు. తెల్లారి అతని భార్య రేషన్ కార్డు పట్టుకొని లైన్ల నిలబడ్డది. ఒకే ఇంటి పైసలు. మొగని చేతి నుంచి ఖజానాకు పోయి, ఆమె సంచిలోకి కొంత బియ్యంగా తిరిగొచ్చినయి. మధ్యలో కాంట్రాక్టర్ బలిసిండు, నాయకుడు దాత అయిండు. ఇదీ "ఉచితం" కథ.

ఇంకొకటి కూడా మరువద్దు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిండ్రు. బియ్యం ఇచ్చిన సర్కారు హయాంలోనే. ఆ నెత్తుటి నుంచే ఆ సెప్టెంబర్‌లో దళిత మహాసభ పుట్టింది. కడుపుకు గింజ ఇచ్చుడు వేరు, ప్రాణానికి, పరువుకు పూచీ పడుడు వేరని మన ఉద్యమం అప్పుడే నేర్చుకుంది.

ఆడోళ్లు చదివిన బడ్జెట్

ఈ లెక్కను మొదలు పట్టుకున్నది ప్రొఫెసర్లు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడోళ్లు. సారా వ్యతిరేక ఉద్యమం 1992కు జిల్లా అంతా పాకి, అక్కడి నుంచి రాష్ట్రమంతా అంటుకుంది. దుకాణాలు మూయించిండ్రు, పాటలు ఆపించిండ్రు. వాళ్లలో ఎక్కువమంది దళిత, బహుజన కూలి తల్లులే. "సారా పైసలు లేకుంటే బియ్యం ఎట్లియ్యాలె?" అని సర్కారు అంటే, ఆ తల్లుల పోరాటమే జవాబు: మా ఇల్లు కాల్చి, ఆ మంట మీద మాకు వండి పెట్టకండి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1994 డిసెంబర్ 12న మళ్లీ గద్దెనెక్కిన ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం మీద సంతకం పెట్టిండు. 1995 జనవరి నుంచి అమలైంది. రెండు రూపాయల బియ్యం, హార్స్ పవర్‌కు 50 రూపాయల కరెంటు కూడా ఆ మాటల్లోనే ఉన్నయి.

ఇక్కడ ఆగి ఆలోచించాలె. నిషేధం పెట్టినా, ఆ లోటు పూడ్చే పన్ను ఉన్నోళ్ల మీద పడలేదు. భూమి మీద గానీ, పెద్ద ఆస్తుల మీద గానీ చెయ్యి పోలేదు. అంటే నిషేధానికి కాలుకింద పీట వెయ్యలేదు. మన దిక్కు గుడుంబా పొంగింది. బట్టీ పెట్టిన లంబాడ అక్క మీద కేసు, బెల్లం లారీ నడిపినోడు బయట.

1995 సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయిండు. తర్వాతి ఏడు శ్వేతపత్రం, దాని వెనకే వాతలు. బియ్యం కిలో 3 రూపాయల 50 పైసలు, ఇంటికి 20 కిలోలకు కోత. మన ఆడోళ్ల లెక్కలో చెప్తా వినండి. మొన్నటిదాక 50 రూపాయలకు 25 కిలోలు. ఇప్పుడు 70 రూపాయలకు 20 కిలోలు. ఇరవై రూపాయలు ఎక్కువ పెట్టి ఐదు కిలోలు తక్కువ తెచ్చుకునుడు. కరెంటు ఛార్జీలు పెరిగినయి. 1997 ఏప్రిల్‌లో నిషేధం ఎత్తేసిండ్రు. గింజ తగ్గింది, సీసా తిరిగొచ్చింది. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పు, షరతులు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల మీద లేచిన జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు, ముగ్గురి చావు.

ఇయ్యాల్టి లెక్క

2024 జులై 25న దళిత బిడ్డ భట్టి విక్రమార్క తెలంగాణ ఆర్థిక మంత్రిగా 2,91,159 కోట్ల బడ్జెట్ చదివిండు. ఆ కుర్చీలో మనోడు కూర్చునుడు చిన్న సంగతి కాదు. అందుకే ఇంకా గట్టిగ అడగాలె. ఎక్సైజ్ రాబడి అంచనా 25,617 కోట్లు. మందు మీద వ్యాట్ ఇంకా వేరే. ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి 33,124 కోట్లు. వినడానికి పెద్ద అంకె. కానీ అందరికీ ఇచ్చే పింఛన్లు, పథకాల్లో మనోళ్ల వంతు కూడా ఆ నిధిలోనే కలుపుతరు. మన వాడకే ప్రత్యేకంగ పెట్టింది ఎంత, ఖర్చయింది ఎంత అన్నదే అసలు ప్రశ్న. 2021లో దళితబంధు పది లక్షలన్నరు. 2023 ఆగస్టులో చేవెళ్లలో అంబేద్కర్ అభయహస్తం పన్నెండు లక్షలన్నరు. ప్రకటన అంకె ప్రతిసారీ పెరుగుతది. ఖర్చు అంకె అడిగితే మాట మారుస్తరు. 2017 చట్టం ప్రకారం ఆ నిధి మిగిలితే వచ్చే ఏడుకు అదే దామాషాలో కలపాలె. ఇది దయ కాదు, చట్టం.

2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్న బియ్యం ఉచితంగా వస్తున్నయి. దొడ్డు బియ్యం అమ్ముకొని నూకలు తిన్న ఇండ్లల్లో సన్నన్నం ఉడికింది. నేను దీన్ని పండుగగనే చూస్త. మనం సన్నన్నం తింటే ఎవరికన్నా కండ్లు మండితే, అది వాళ్ల కులం జబ్బు. కానీ పండుగ చేసుకుంటనే, దాని పైసలు మళ్లీ మన సాయంత్రం కూలిలకెళ్లే వస్తున్నయా అని అడుగుడు మానొద్దు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. బడ్జెట్ వచ్చిన రోజు టీవీ బంద్ పెట్టండి. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో పద్దులు దొరుకుతయి. మూడు అంకెలు రాసుకోండి: పోయినేడు ఎస్సీ, ఎస్టీ నిధికి చెప్పింది, సవరించింది, నిజంగ ఖర్చు పెట్టింది. నాలుగోది ఎక్సైజ్ రాబడి. ఆ నాలుగు అంకెలు మీ హాస్టల్ గోడకు, మీ ఊరి అంబేద్కర్ విగ్రహం దగ్గర బోర్డు మీద రాయండి. మీ మండలంలో ఏ పనికి ఎంత వచ్చిందో సమాచార హక్కు కింద అడగండి. గూడూరు అయినా, కొత్తగూడ అయినా మండలంలో ఐదు రూపాయల దరఖాస్తే.

ఎవరన్నా "మా పన్నులు మీరు తింటున్నరు" అంటే, కోపం తెచ్చుకోకండి. సబ్బు, అగ్గిపెట్టె, చెప్పులు, మందు సీసా, ఫోన్ రీఛార్జి, అన్నింటి మీద పన్ను కట్టేది మనమే. ఆ లెక్క ముందట పెట్టండి. అప్పు ఎవరికుందో వాళ్లకే తెలుస్తది.

వచ్చే భాగంలో: ఉపప్రణాళిక నిధులు ఏ ఏ దార్లు పట్టినయి, 2013 చట్టం కోసం ఎవరు కొట్లాడిండ్రు.

జై భీమ్. జై ఫూలే.