పన్ను బకాయి, వేలంపాట, నల్లవాళ్ల భూమి

భూమి ఎట్లా పోయిందని అడిగితే మన పల్లెల్లో వచ్చే జవాబులు అందరికీ తెలిసినవే. దొర దున్నుకున్నాడు, షావుకారు అప్పు కింద రాయించుకున్నాడు, ప్రాజెక్టు కింద మునిగిపోయింది, కరణం కాగితం మార్చేశాడు. ఈ జవాబుల్లో పన్ను బకాయి మాట అరుదుగా వినిపిస్తుంది. పన్ను కట్టలేదు, సర్కారు వేలం వేసింది, ఎవరో పాడుకున్నారు అంటే అందులో ఎవరి తప్పూ లేనట్టు, అంతా చట్టప్రకారం జరిగిపోయినట్టు ఉంటుంది. అమెరికాలో నల్లవాళ్ల భూమి చరిత్ర చదివితే ఈ 'చట్టప్రకారం' అన్న మాట వెనక ఏముందో తెలుస్తుంది. ఆ చరిత్రను తెలుగులో చెప్పుకోవాల్సిన అవసరం ఉందని మేం అనుకుంటున్నాం.

ఆ చరిత్రతో మనకున్న బంధం ఇవాళ్టిది కాదు. ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వం రద్దుకు నిలబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అంబేద్కర్ 1946లో డుబోయ్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. అయితే ఈ బంధాన్ని మనం ఎక్కువగా ఆత్మగౌరవం వైపు నుంచి, సాహిత్యం వైపు నుంచి చూశాం. పన్ను లెక్కల వైపు నుంచి చూసింది తక్కువ. అంబేద్కర్ కొలంబియాలో చదివింది అర్థశాస్త్రమని, 1925లో అచ్చయిన ఆయన పుస్తకం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాల గురించేనని ఈ సందర్భంలో గుర్తుపెట్టుకోవాలి. పన్ను ఎవరి దగ్గర తీసి ఎవరికి పెడుతున్నారన్నది ఆయనకు చిన్న ప్రశ్న కాదు.

పద్ధతి ఏమిటి?

అమెరికాలో ఇంటికీ భూమికీ ఏటా ఆస్తి పన్ను కట్టాలి. వసూలు చేసేది చాలాచోట్ల కౌంటీ, అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిది. పన్ను బకాయి పడితే ఆ ఆస్తి మీద సర్కారుకు ఒక హక్కు పుడుతుంది. దాన్ని 'లీన్' అంటారు. మామూలుగా బ్యాంకు తనఖా కూడా దాని తర్వాతే. కొన్ని రాష్ట్రాలు ఈ లీన్‌నే వేలానికి పెడతాయి. పాడుకున్నవాడు బకాయిని సర్కారుకు కట్టేసి, వడ్డీతో సహా యజమాని దగ్గర రాబట్టుకుంటాడు. ఫ్లోరిడాలో పాట 18 శాతం వడ్డీ దగ్గర మొదలై కిందికి దిగుతుంది. అయోవాలో నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24. గడువులోగా బాకీ తీరకపోతే ఆ ఆస్తినే దక్కించుకునే దారి కూడా చట్టంలో ఉంది. ఇంకొన్ని రాష్ట్రాలు నేరుగా ఆస్తినే వేలం వేసి, కొన్నవాడికి పన్ను దస్తావేజు చేతిలో పెడతాయి.

డబ్బు పెట్టేవాళ్లకు దీన్ని పాఠంగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సర్కారు చట్టమే అండ, వడ్డీ ఎక్కువ, భయం తక్కువ అని వాళ్లు చెబుతారు. ఆ పాఠాల్లో పాటగాడు ఉంటాడు, శాతం ఉంటుంది. ఇంట్లో ఉన్న మనిషి మాత్రం కనపడడు. అందుకే ఆ మనిషి వైపు నుంచి ఈ చరిత్రను మొదలుపెట్టాలి.

బ్యూఫోర్ట్ వేలాలు

1861 నవంబరులో ఉత్తరాది నౌకాదళం దక్షిణ కరోలినా తీరంలోని పోర్ట్ రాయల్‌ను పట్టుకుంది. తెల్ల ప్లాంటేషన్ యజమానులు ఇళ్లూ పొలాలూ వదిలి పారిపోయారు. దాదాపు 10,000 మంది బానిసలు అక్కడే నిలబడ్డారు. పొలం చేసిందీ, చేస్తున్నదీ వాళ్లే. కానీ భూమి ఎవరిది?

ఈ ప్రశ్నకు అమెరికా ప్రభుత్వం నేరుగా జవాబు చెప్పలేదు. చుట్టు తిరిగి పన్ను మార్గంలో వచ్చింది. యుద్ధ ఖర్చు కోసం 1861 ఆగస్టులో వేసిన ప్రత్యక్ష పన్నును తిరుగుబాటు ప్రాంతాల్లో వసూలు చేయడానికి 1862 జూన్‌లో ఇంకో చట్టం చేశారు. పారిపోయిన యజమానులు పన్ను కట్టలేదు కాబట్టి 1863 మార్చిలో బ్యూఫోర్ట్‌లో భూముల వేలం మొదలైంది. నల్లవాళ్లు కొందరు తలా కాస్త డబ్బు పోగేసి ఉమ్మడిగా పాట పాడి దాదాపు 2,000 ఎకరాలు కొన్నారు. మిగిలిన దాంట్లో పెద్ద భాగం ఉత్తరాది నుంచి వచ్చిన పెట్టుబడిదార్లకు పోయింది. బోస్టన్‌కు చెందిన ఫిల్‌బ్రిక్ ఒక్కడే అక్కడి డబ్బున్నవాళ్ల తరఫున 11 ప్లాంటేషన్లు పాడుకున్నాడు. తరతరాలు ఆ మట్టిలో చెమటోడ్చినవాళ్లకు కూలి డబ్బు అప్పుడప్పుడే చేతికొస్తోంది. వేలం రోజున నగదు ఎవరి దగ్గరుంటే భూమి వాళ్లది. బానిసకు నగదు ఎక్కడిది?

తర్వాత లింకన్ ప్రభుత్వం నల్ల కుటుంబాలకు కొంత భూమిని ఎకరం 1.25 డాలర్లకు కేటాయిస్తామంది. 1863 డిసెంబరు చివర్లో ఇంకో అడుగు ముందుకేసి, సాగులో ఉన్నవాళ్లు వేలానికి ముందే ఆ ధరకు భూమి తీసుకోవచ్చని ఆదేశాలిచ్చింది. జనం అర్జీలు రాసి, డబ్బు కట్టడానికి వచ్చారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ ఆదేశాలు వెనక్కి పోయాయి. మళ్లీ వేలమే. ఈసారి ధరలు 1.25కి ఎన్నో రెట్లు పలికాయి.

అయినా ఈ కథలో ఇంకో మలుపు ఉంది. 1839లో బ్యూఫోర్ట్‌లోనే బానిసగా పుట్టిన రాబర్ట్ స్మాల్స్, 1862 మేలో 'ప్లాంటర్' అనే ఓడను చార్లెస్టన్ రేవు నుంచి తప్పించి ఉత్తరాది వాళ్లకు అప్పగించారు. అదే స్మాల్స్ ఈ పన్ను వేలాల్లో తన పాత యజమాని ఇంటిని కొన్నారు. యుద్ధం అయిపోయాక ఆ ఇంటి మీద పాత హక్కు తనదని డి ట్రెవిల్ అనే ఆయన దావా వేశాడు. 1878లో సుప్రీంకోర్టు పన్ను దస్తావేజే చెల్లుతుందని తీర్పిచ్చింది. స్మాల్స్ ఇల్లు నిలిచింది. ఆయన ఐదుసార్లు కాంగ్రెస్‌లో కూర్చున్నారు.

దీన్ని పక్కనే జరిగిన మరో సంగతితో పోల్చి చూడాలి. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ సైనిక ఆజ్ఞతో ఇచ్చిన భూములను, అదే ఏడాది అధ్యక్షుడు జాన్సన్ పాత యజమానులకు తిరిగి ఇప్పించేశాడు. అక్టోబరులో ఎడిస్టో దీవిలో జనరల్ హోవర్డ్ ఆ మాట చెప్పడానికి వస్తే జనం ఒప్పుకోలేదు. అయినా భూమి పోయింది. పన్ను వేలంలో కొన్న భూమి మాత్రం కాగితం బలంతో నిలబడింది. సెయింట్ హెలెనా దీవిలో నల్లవాళ్ల చిన్న కమతాలు తరాలపాటు మిగలడానికి ఇదొక ముఖ్యమైన కారణం. మరి కాంగ్రెస్ ఏం చేసింది? 1891లో ఆ ప్రత్యక్ష పన్నును వాపసు చేస్తూ, బ్యూఫోర్ట్ ప్రాంతపు పాత యజమానులకు కూడా పరిహారం ఏర్పాటు చేసింది. బానిసలుగా బతికినవాళ్లకు పరిహారం ఏ చట్టంలోనూ రాలేదు.

అదే కత్తి, వేరే చెయ్యి

1877 తర్వాత దక్షిణాదిలో అధికారం మళ్లీ తెల్ల భూస్వాముల చేతికొచ్చింది. ఓటు పోయింది, ఓటుతో పాటు పన్ను మదింపు ఆఫీసూ పోయింది. నల్లవాడి పొలానికి విలువ ఎక్కువ కట్టడం, తెల్లవాడి పొలానికి తక్కువ కట్టడం, నల్లవాడు కట్టిన పన్నుతో తెల్లపిల్లల బడి నడపడం మామూలయింది. చరిత్రకారుడు ఆండ్రూ కార్ల్ 2024లో తెచ్చిన 'ద బ్లాక్ టాక్స్' పుస్తకం ఈ నూట యాభై ఏళ్ల వ్యవహారాన్ని రికార్డులతో సహా బయటపెట్టింది.

1910 నాటికి అమెరికాలో నల్లరైతుల చేతిలో దాదాపు కోటిన్నర ఎకరాలుండేవి. 1990ల చివరికి అది పాతిక లక్షల ఎకరాల లోపుకు పడిపోయింది. ఇదంతా పన్ను వేలాల వల్లే అని మేం అనడం లేదు. దాడులున్నాయి, వలసలున్నాయి, అప్పివ్వని వ్యవసాయ శాఖ ఉంది, వారసుల మధ్య కోర్టు పంపకాల పేరుతో అమ్మించిన భూములున్నాయి. వీటి మధ్య పన్ను వేలం చప్పుడు చేయకుండా పనిచేసింది.

దానికి బాగా కలిసొచ్చింది వారసత్వ భూమి. తాత చనిపోయాడు, వీలునామా లేదు, రికార్డులో పేరు తాతదే. మనవళ్లు, మనవరాళ్లు షికాగోలో ఒకరు, న్యూయార్క్‌లో ఒకరు. నోటీసు చనిపోయినవాడి పేరిట వస్తుంది. పన్ను ఎవరు కట్టాలో ఇంట్లోనే తేలదు. వేలం అయిపోయాక తెలుస్తుంది. 1956లో హిల్టన్ హెడ్ దీవికి వంతెన పడింది. తర్వాత సముద్రపు ఒడ్డున రిసార్టులు లేచాయి. పక్క భూమి ధర పెరిగితే నల్లవాడి గుడిసె పన్ను కూడా పెరిగింది. జార్జియాలోని సపెలో దీవిలో 2012లో మదింపులు ఒక్కసారిగా పెరిగి, బానిసల వారసుల చిన్న ఊరు గగ్గోలు పెట్టింది. అమ్మకానికి పెట్టని భూమికి మార్కెట్ ధర కట్టి, ఆ ధర మీద పన్ను అడగడమంటే పొమ్మనడమే కదా!

నగరాల్లో ఇదే కథ

డెట్రాయిట్ నల్లవాళ్ల నగరం. మిషిగన్ రాష్ట్రం 1999లో చట్టం మార్చి, మూడేళ్లు పన్ను బకాయి పడ్డ ఇంటిని కౌంటీయే జప్తు చేసి వేలం వేసేలా చేసింది. 2008 సంక్షోభంలో ఇళ్ల ధరలు కుప్పకూలాయి, పన్ను మదింపు మాత్రం దానికి తగ్గట్టు దిగలేదు. మార్కెట్ విలువలో సగానికి మించి మదింపు చేయకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగమే చెబుతుంది. దాన్ని పక్కన పెట్టి వేసిన పన్నులు కట్టలేక జనం ఇళ్లు పోగొట్టుకున్నారు. 2009 తర్వాత డెట్రాయిట్‌లో ప్రతి మూడు ఇళ్లలో ఒకటి పన్ను జప్తుకు గురైందని న్యాయశాస్త్ర పరిశోధకురాలు బర్నడెట్ అటువహెనె లెక్క తేల్చారు. రెండో విడత వేలంలో పాట 500 డాలర్ల దగ్గర మొదలయ్యేది. అక్రమ పన్ను వేసిందీ సర్కారే, కట్టలేదని వేలం వేసిందీ సర్కారే.

అదే రాష్ట్రంలో ఒకాయన 8.41 డాలర్లు తక్కువ కట్టాడు. వడ్డీ, ఫీజులు కలిసి 285.81 అయింది. కౌంటీ ఇంటిని 24,500కి అమ్మి మొత్తం తన దగ్గరే ఉంచుకుంది. 2020లో మిషిగన్ సుప్రీంకోర్టు అది చెల్లదంది. వాషింగ్టన్‌లో 134 డాలర్ల బకాయితో మొదలైన లీన్ వల్ల 76 ఏళ్ల మాజీ సైనికుడు దాదాపు రెండు లక్షల డాలర్ల ఇల్లు పోగొట్టుకున్న సంగతిని 2013లో పత్రికలు బయటపెట్టాయి.

2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు 'టైలర్ వర్సెస్ హెన్నెపిన్ కౌంటీ' కేసులో ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. మినియాపొలిస్‌కు చెందిన 94 ఏళ్ల నల్లజాతి వృద్ధురాలి ఫ్లాట్‌ను 15,000 డాలర్ల బాకీకి కౌంటీ 40,000కి అమ్మి, మిగిలిన 25,000 కూడా ఉంచేసుకుంది. ఆ బాకీలో అసలు పన్ను 2,300 మాత్రమే. మిగులు సొమ్ము యజమానిదేనని కోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ వేలం ఆగలేదు. మిగులు ఉంటేనే మిగులు మీద హక్కు. 500 డాలర్లకు పోయిన ఇంట్లో మిగులు ఎక్కడ?

మనకేం సంబంధం?

బ్యూఫోర్ట్‌లో వేలాలు సాగుతున్న ఆ 1864లోనే మద్రాసులో రెవెన్యూ రికవరీ చట్టం వచ్చింది. శిస్తు బకాయికి భూమిని జప్తు చేసి వేలం వేయొచ్చని, అలా కొన్న భూమి మీద పాత తనఖాలు, బరువులు ఏవీ నిలవవని ఆ చట్టం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది నేటికీ అమల్లోనే ఉంది. రెండు దేశాల్లోనూ చట్టం ఒకే సూత్రం మీద నడుస్తోంది: సర్కారు బాకీ అన్నిటికంటే ముందు, సాగు చేసేవాడి బతుకు తర్వాత.

మన అసైన్డ్ భూములకు 1977 చట్టం ఒక కాపలా పెట్టింది. కాపలా ఉన్నా భూములు ఎన్ని చేతులు మారాయో కార్యకర్తలందరికీ తెలుసు. పట్టా వచ్చిన రోజు ఊరేగింపు చేస్తాం, ఫోటో దిగుతాం. తర్వాత పదేళ్లకు ఆ పట్టా ఎవరి పేరున ఉంది, తాత చనిపోయాక మ్యుటేషన్ జరిగిందా, నోటీసు ఎవరి ఇంటికొచ్చింది అని అడిగేవాళ్లు తక్కువ. సెయింట్ హెలెనా నల్లవాళ్లను నిలబెట్టింది కాగితం. వాళ్ల వారసుల్లో చాలామందిని పడగొట్టింది కూడా పేరు మారని కాగితమే.

అందుకని భూమి సంఘాల్లో పనిచేసేవాళ్లకు, పాఠాలు చెప్పే టీచర్లకు మా మనవి ఇది. భూపోరాట చరిత్ర రాసేటప్పుడు దౌర్జన్యాలతో పాటు మదింపు పుస్తకాలు, వేలం ప్రకటనలు, వాపసొచ్చిన నోటీసులు కూడా వెతకండి. వేలంలో పాడిందెవరు, ఎంతకు పాడారు, పోగొట్టుకున్నవాళ్లు ఏ పేటవాళ్లు అని రాసుకోండి. ఇక అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో ఎవరికైనా 18 శాతం వడ్డీ ప్రకటన కనపడితే, ఆ బకాయి ఎవరిదో, ఆ ఇంట్లో ఎవరున్నారో ముందు కనుక్కోమని అడుగుతున్నాం. ఫూలేను, అంబేద్కర్‌ను తలుచుకునేవాళ్లు కనీసం ఆ ఒక్క ప్రశ్నన్నా వేసుకోవాలి.