నంజు: గుండెదా? కిడ్నీదా?

మాది తడ. పులికాట్ పక్కనే కాబట్టి మా ఇంట్లో ఎండు చేపలు లేని వారం ఉండదు. రెండేళ్ల కింద మా తాతకి కాళ్లు వాచాయి. అవ్వ చూసి "నంజు పట్టిందిరా" అంది. గుండె డాక్టర్ నీరు తీసే మాత్ర పెంచారు. కిడ్నీ డాక్టర్ క్రియాటినిన్ చూసి తగ్గించమన్నారు. ఎవరి మాట వినాలి?

నేను కోడ్ రాసుకునేవాణ్ణి, డాక్టర్‌ని కాదు. కానీ వెతికితే ఈ గొడవ చాలా పాతది.

మనకి నంజు, ఇంగ్లండ్‌లో డ్రాప్సీ. ఒంట్లో నీరు చేరితే చాలు, అదే జబ్బు పేరు. 1785లో విలియం విదరింగ్ అనే డాక్టర్ దీనికి ఫాక్స్‌గ్లోవ్ ఆకు మందు మీద పుస్తకం వేశాడు. కొందరికి పనిచేసింది, కొందరికి లేదు. తర్వాత లండన్ గైస్ హాస్పిటల్లో రిచర్డ్ బ్రైట్ వచ్చాడు. వాపున్నవాళ్ల మూత్రాన్ని స్పూన్‌లో పోసి కొవ్వొత్తి మీద వేడి చేస్తే, కొందరిది గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. చనిపోయాక కోసి చూస్తే వాళ్ల కిడ్నీలు పాడై ఉన్నాయి. 1827లో ఇది అచ్చయింది. అంటే వాపులన్నీ ఒకటి కాదన్నమాట.

ఇక్కడే నాకు నచ్చిన పాయింట్. అదే బ్రైట్ 1836లో, ఈ కిడ్నీ రోగుల్లో చాలామందికి గుండె కూడా పెద్దదైందని రాశాడు. విడదీసినాయనే మళ్లీ ముడివేశాడు!

ముడి ఎలాగంటే, గుండె పంపింగ్ తగ్గితే కిడ్నీకి రక్తం తక్కువ వస్తుంది. ఒంట్లో నీళ్లే తక్కువయ్యాయనుకుని అది ఉప్పునీ నీటినీ పట్టేసుకుంటుంది. సెన్సర్ తప్పు చదివినట్టే. ఆ నీటి బరువు మళ్లీ గుండె మీదే. ఇన్ఫినిట్ లూప్.

చాలాకాలం కథ ఇంతే అనుకున్నారు. నిజానికి 1931లోనే వింటన్ అనే శాస్త్రవేత్త కుక్క కిడ్నీ మీద ప్రయోగం చేశాడు. రక్తం బయటికెళ్లే సిరలో ఒత్తిడి పెంచితే మూత్రం తగ్గిపోయింది. వానాకాలం వీధి కాలవ నిండితే మనింటి తూము నీళ్లు పోవు కదా, అలా. 2009లో క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు ముదిరిన హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో ఇదే చూశారు: రక్తం తక్కువ రావడం కంటే, వెనక నిలిచిపోవడమే కిడ్నీని ఎక్కువ దెబ్బతీస్తోంది. అలాంటప్పుడు నీరు తీస్తేనే కిడ్నీ తేరుకోవచ్చు. మరీ ఎక్కువ తీస్తే మళ్లీ దానికే దెబ్బ. అందుకే మా ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు కాదు, ఎవరి రిపోర్టు వాళ్లు చూశారంతే.

చివరికి రెండు ఫైళ్లూ ఒకే డాక్టర్ ముందు పెట్టాం. ఆయన కాళ్లకంటే ముందు తాత మెడ దగ్గర నరం ఉబ్బిందేమో చూశారు. మాత్ర ఆపలేదు. రోజూ పొద్దున్నే బరువు చూసి రాయమన్నారు. ఎండు చేపలు మాత్రం మానేయమన్నారు. తాత దానికింకా అలిగే ఉన్నాడు.